జానెడు తగ్గిన టేపు

నేను ఒక వీడియో క్యాసెట్‌ను. నాలోంచి ఒక జానెడు టేపు పోయిన రోజు నాకు బాగా గుర్తు. అది ఆదివారం, మధ్యాహ్నం భోజనాల వేళ. పానకాలరావు మాస్టారు పప్పు కుక్కరు పొయ్యి మీద పెట్టి, అది మూడు కూతలు కూసేలోపు చూసేద్దామని నన్ను వీసీఆర్‌లోకి తోశారు. రెండో కూత దగ్గర వీసీఆర్ నన్ను నమలడం మొదలుపెట్టింది.

మాస్టారు కంగారు పడలేదు. ముప్ఫై మూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ప్లగ్గు పీకి, పై మూత విప్పి, వేళ్లతో నన్ను మెల్లగా బయటికి లాగారు. నలిగిన మేర స్కేలు పెట్టి కొలిచారు. ఇరవై మూడు సెంటీమీటర్లు. చిరిగిన పాఠ్యపుస్తకాలు అతికించి అలవాటైన చెయ్యి అది. బ్లేడుతో రెండు వైపులా తిన్నగా కోసి, చివరలు కలిపి సెలోటేపు అంటించి, నలిగిన ముక్కను కాగితంలో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేశారు. పని శుభ్రంగా జరిగింది. అప్పటికి కుక్కరు ఎన్ని కూతలు కూసిందో ఎవరూ లెక్కపెట్టలేదు. పప్పు మాడిపోయింది. ఆ పూట ఆయన పెరుగన్నం తిన్నారు.

జానెడు టేపు అంటే పది సెకన్లు. ఆ పది సెకన్లలో హైమావతి టీచరు ఉన్నారు. ఆవిడ మాస్టారి భార్య. అప్పటికి ఏడాది కిందట పోయారు.

నేను అక్కడే ఎందుకు నలిగానో చెప్పాలి. మనుషులు మమ్మల్ని నిలిపి చూస్తారు. బొమ్మ ఆగింది కాబట్టి మేమూ విశ్రాంతి తీసుకుంటున్నామనుకుంటారు. నిజానికి బొమ్మ ఆగినప్పుడు లోపలి చక్రం ఆగదు. అది గిర్రున తిరుగుతూ ఒకే చోట మమ్మల్ని రుద్దుతుంది. ఏడాది పాటు మాస్టారు నన్ను రోజూ ఒకే చోట ఆపారు. ఆవిడ కెమెరా వైపు తిరిగిన చోట. అలా చూసి చూసి ఆ జానెడూ అరగదీశారు. ఆయన మీద నాకు కోపం లేదు. నేనూ ఆ చోటికి రాగానే ఆయన ఆపుతారని ఎదురు చూసేవాణ్ని.

ఇక నా పుట్టుక సంగతి. సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప తుప్పును మెత్తగా నూరి పూతగా పూస్తే నేనయ్యాను. గేటుకు తుప్పు పడితే తిట్టుకునే మనుషులే తమ పెళ్లిళ్లూ పిల్లల బారసాలలూ అన్నీ తెచ్చి తుప్పుకు అప్పజెబుతారు. మేం ఎప్పుడూ నవ్వలేదు. అప్పజెప్పినంత కాలం జాగ్రత్తగా దాచాం.

పదిమందిమి ఒకే డబ్బాలో చీరాల చేరాం. నాగూర్ బాషా అనే వీడియో కెమెరా ఆయన మమ్మల్ని కొన్నాడు. తొమ్మిదిమంది పెళ్లిళ్లకు పోయారు. పదోదాన్ని నేను మిగిలాను. 1994 ఫిబ్రవరిలో, ఊరి చివర నేత మగ్గాల పేటలో ఉన్న హైస్కూలు వార్షికోత్సవానికి నన్ను తీసుకెళ్లారు. పెళ్లికి నోచుకోలేదని ఆ ఉదయం కొంచెం చిన్నబోయిన మాట నిజం.

హైమావతి టీచరు ఆ బడిలో సోషలు చెప్పేవారు. ఏటా వార్షికోత్సవానికి ఆడపిల్లలతో జడ కోలాటం వేయించేవారు. స్టేజీ పైన ఇనప కొక్కేనికి ఎనిమిది తాళ్లు కడతారు. ఎనిమిదిమంది పిల్లలు తలా ఒక తాడు పట్టుకుని, పాటకు అడుగులేస్తూ, ఒకరి లోపలి నుంచి ఒకరు, ఒకరి బయటి నుంచి ఒకరు తిరుగుతారు. పైన తాళ్లు జడలా అల్లుకుంటాయి. తర్వాత అలాగే వెనక్కి తిరుగుతూ విప్పుతారు. ఇది చాలా ఊళ్లలో ఉన్నదే. కానీ అందరి జడా గుండ్రంగా వస్తే టీచరు జడ చీర అంచులా చదునుగా వచ్చేది. ఎందుకంటే మధ్య మధ్యలో పక్కపక్క పిల్లలు తమ తాళ్లను ఒకరి చేతిలోంచి ఒకరు మార్చుకునేవారు. మార్చుకున్న ప్రతిచోటా ఒక ముడి పడేది, మొత్తం ఎనిమిది. అది ఆవిడ సొంతంగా కనిపెట్టిన పద్ధతి. చుట్టూ మగ్గాలు ఆడే పేటలో ఉంటూ ఆవిడకు ఆ ఆలోచన రాకపోతేనే ఆశ్చర్యం.

నాగూర్ పెళ్లిళ్ల అలవాటు కొద్దీ కెమెరాను పిల్లల మొహాల మీదికి తిప్పాడు. టీచరు ఒప్పుకోలేదు.

"మొహాలు నాకు తెలుసులే బాషా. కాళ్లు తియ్యి, చేతులు తియ్యి. జడ తియ్యి."

"మొహాల్లేకుండా వీడియో ఏందండీ టీచర్‌గారూ? ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా. వచ్చే ఏడాది పిల్లలకి చూపిస్తా."

అతను గొణుక్కుంటూ బల్ల ఎక్కి నిలబడ్డాడు. అలా నా ఒంటి మీద ముందు హెడ్మాస్టరు గారి ఉపన్యాసం ఇరవై రెండు నిమిషాలు, తర్వాత ముఖ్య అతిథి గారి ఉపన్యాసం పద్దెనిమిది నిమిషాలు, ఆ తర్వాత జడ కోలాటం తొమ్మిది నిమిషాలు పడ్డాయి. కోలాటమంతా టీచరు గొంతూ, ఆవిడ చేతి తాళాల చప్పుడూ వినిపిస్తాయి. మనిషి మాత్రం కనిపించరు. చివరి ముడి దగ్గర పిల్లలు తికమకపడ్డప్పుడు ఆవిడ తాళాలు పట్టుకునే పక్క నుంచి నాలుగడుగులు నడిచి లోపలికి వస్తారు. కెమెరా వైపు ఒకసారి తిరుగుతారు. ఒక చెయ్యి పైకెత్తి ఏదో చూపిస్తారు. ముడి విడిపోతుంది. పిల్లలు నవ్వుతారు.

ఆ నాలుగడుగులు నాలో ఇంకా ఉన్నాయి. ఆ తర్వాతి జానెడే పోయింది.

రెండువేల పదిలో, జానెడు పోయిన కొద్ది వారాలకు, ఒక సాయంత్రం మాస్టారి ఇంటికి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. తొంభై నాలుగులో ఆ జడ అల్లిన తొమ్మిదో తరగతి పిల్లలే. ఇప్పుడు ముప్ఫై ఏళ్ల వాళ్లు. వాళ్లలో ముందు నడిచేది నాగలీల, పేటలోనే మగ్గం నేస్తుంది. ఆమెకు ఎదురు చెప్పేది రోజారాణి, అంగన్‌వాడీలో పిల్లలకు ఆటలు నేర్పుతుంది. నాగలీల ఒక సంచి తిరగేసి బల్ల మీద ఏదో కుమ్మరించింది. చిక్కుపడిన, కోసేసిన నూలు తాళ్లు. మగ్గం మీద పడుగు చివర మిగిలిన నూలు పోగేసి పేనినవి.

"ఇదీ మా సంగతి మాస్టారూ," అంది.

"ఏమిటమ్మా ఇది?"

"బడి స్వర్ణోత్సవం గదా, ఇంక ఇరవై రోజులే. టీచర్ పేరు మీద ఉపన్యాసం పెడతామన్నారు హెడ్మాస్టరు. మేం వద్దన్నాం. ఉపన్యాసమంటే మా టీచర్ కూడా వెనక వరసలో కూర్చుని నోట్సులు దిద్దుకునేది. జడ వేస్తామన్నాం. నిన్న మా మగ్గాల పాకలో దూలానికి కట్టి ఎనిమిదిమందిమీ అల్లాం. అల్లటం అదరగొట్టాం. విప్పటం రాలా."

"ఈ లీల వల్లే మాస్టారూ," అంది రోజారాణి. "తాళ్లు మార్చుకునే కాడ లోపలి మనిషి చెయ్యి ముందంటది. బయటి మనిషి చెయ్యి ముందని నెత్తీ నోరూ కొట్టుకున్నా."

"లోపలి చెయ్యే ముందు! నీకేం గుర్తుందే? తొమ్మిదో తరగతిలో నీ ధ్యాసంతా నీ జడగంటల మీదే."

"కనీసం నాకు జడుంది."

"చూడండి మాస్టారూ, చూడండి! ఇట్టాగే కొట్లాడుకుంటా బిగదీశాం. మా ఎనిమిదిమందిలో సుబ్బులని, అది మా మధ్యలో ఇరుక్కుపోయింది. అవతల దాని పిల్ల పాలకి ఏడుస్తంది, ఇవతల ఇది ఏడుస్తంది. కత్తెర తెచ్చి కోసుకుని బయటపడ్డాం."

మాస్టారు నవ్వారు. ఏడాదిలో ఆయన నవ్వడం నేను వినడం అదే మొదలు.

"టీచర్ది వీడియో మీ దగ్గరుందంట గదా," అంది నాగలీల గొంతు తగ్గించి. "చేతులు చూసుకోవాల మాస్టారూ. విప్పలేని జడ స్టేజీ మీద వెయ్యం. అల్లినందుకు సగం మార్కులే ఇచ్చేది టీచర్. మిగతా సగం విప్పినందుకు."

మాస్టారు లోపలికి వెళ్లి నన్ను తెచ్చారు. చేతి రుమాల్లో చుట్టి ఉన్నాను. ఇవ్వబోయి ఒక్క క్షణం ఆగారు.

"దీన్ని ఎక్కువసార్లు తిప్పకూడదమ్మా," అన్నారు. అంతకు మించి ఏదో చెప్పాలనుకున్నట్టు నాకనిపించింది. చెప్పలేదు.

అలా పదహారేళ్ల తర్వాత నన్ను తీసిన నాగూర్ బాషా చేతికే మళ్లీ వచ్చాను. అతని దుకాణంలో ఇప్పుడు కంప్యూటరు ఉంది. పాత క్యాసెట్లను డీవీడీలుగా మార్చి ఇస్తున్నాడు. డీవీడీ అయితే ఎన్నిసార్లు ఆపినా, ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా అరగదు. ఆడవాళ్లకు కావలసింది అదే. నాగూర్ నా మూత ఎత్తి సెలోటేపు అతుకు చూశాడు.

"అయ్యో మాస్టారూ! సెలోటేపా! మిషను తలకాయ పగిలిపోయేది. ఎవరు చేశారండీ ఈ పని?"

"నేనే."

"లెక్కల్లో మీరు నాకు నూటికి పదకొండు వేశారు. ఇయ్యాల మీకు నేను సున్నా వేస్తున్నా."

"న్యాయమే," అన్నారు మాస్టారు.

అతను సరైన అతుకు వేసి, నన్ను కొత్త ప్లాస్టిక్ పెట్టెలోకి మార్చాడు. ఆ వయసులో కొత్త బట్టలు దొరికినట్టయింది నాకు. ఒకసారి తిప్పి కంప్యూటరులోకి ఎక్కించాడు. మర్నాడు ఉదయం డీవీడీ పెట్టగానే ఆడవాళ్లంతా టీవీ ముందు నేల మీద కూర్చున్నారు.

హెడ్మాస్టరు గారి ఉపన్యాసం నిక్షేపంగా వచ్చింది. ముఖ్య అతిథి మీసంలో ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. కోలాటం మొదలైంది. మొదటి అడుగు పడగానే పిల్లలందరూ వణికారు. చెయ్యి ముందుకు పోతుంది, చటుక్కున వెనక్కి వస్తుంది, మళ్లీ ముందుకు ఎగురుతుంది. అడుగు కూడా అంతే. ఎవరైనా నిలబడితే బొమ్మ నిలకడగా ఉంటుంది. కదిలితే చాలు, కుదుపు.

"ఏందే, అందరికీ ఒకేసారి చలిజొరం వచ్చిందా?" అంది రోజారాణి.

"నీ చెయ్యి చూడవే, అప్పు అడిగినోడిలా ముందుకీ వెనక్కీ పోతంది."

"లోపలి చెయ్యి ముందో బయటి చెయ్యి ముందో దీంట్లో ఆ దేవుడికీ తెలవదు."

నవ్వారు గానీ మొహాలు వాడిపోయాయి. నాగూర్ తప్పు నా మీద వేశాడు. పాతబడింది, బూజు పట్టిందన్నాడు. మిషను తలను స్పిరిటుతో తుడిచి రెండోసారి తిప్పాడు. అదే వణుకు. తేమ ఉందని నన్ను టేబుల్ లైటు కింద పెట్టి, వేడి చేసి మూడోసారి తిప్పాడు. అదే వణుకు. మూడోసారికి నా ఒంటి పూత పొడిగా రాలి మిషను లోపల పడింది. నాగూర్ వేలికి అంటిన ఆ గోధుమ రంగు పొడి చూపించాడు.

"ఇంక ఒకసారి తట్టుకుంటే గొప్ప, మాస్టారూ. ఆ తర్వాత దీంట్లో ఏమీ మిగలదు."

మాస్టారు రోజూ గొడుగు పట్టుకుని వచ్చి ఆ దుకాణంలో ఒక మూల స్టూలు మీద కూర్చునేవారు. ఆ మాట విని స్టూలు మిషను దగ్గరికి జరుపుకున్నారు. నాకు భయం వేసింది. పెళ్లికి నోచుకోకపోయినా ఫరవాలేదు గానీ, ఆ నాలుగడుగులు నాలోంచి రాలిపోతే ఇక నేను ఉపన్యాసాల క్యాసెట్‌నే.

తర్వాత మాస్టారు మెల్లగా అన్నారు. "నాగూర్, నువ్వు దీన్ని తిప్పేటప్పుడు పక్కన చిన్న టీవీలో నేను చూస్తూనే ఉన్నాను. అందులో వణుకు లేదు. డీవీడీలోనే ఉంది. తప్పు క్యాసెట్‌ది కాదు. మధ్యలో దారిలో ఎక్కడో ఉంది."

ఆ మాటకు నేను ఆయన్ని జన్మలో మరిచిపోను.

"అసలు ఈ బొమ్మ లోపలికి ఎట్టా పోయిద్దన్నా?" అని అడిగింది నాగలీల.

నాగూర్ చెప్పాడు. టీవీ బొమ్మంటే అడ్డంగా పేర్చిన గీతలు. సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు. అయితే బొమ్మ మొత్తం ఒక్కసారి రాదు. ముందు ఒకటి, మూడు, ఐదు గీతలు వస్తాయి. తర్వాత రెండు, నాలుగు, ఆరు వస్తాయి. రెండు సగాలూ కలిస్తే ఒక బొమ్మ. అవి అంత వేగంగా వస్తాయి కాబట్టి కన్ను పట్టుకోలేదు.

ఇది మా జాతి రహస్యం. నాలో నిండు బొమ్మ ఒక్కటి కూడా లేదు. అన్నీ సగాలే. ఇన్నేళ్లూ అడిగినవాళ్లు లేరు, నేనూ చెప్పలేదు.

నాగలీల కూర్చున్న చోటే రెండు కాళ్లూ ముందుకు చాపి, గాలిలో ఒకదాని తర్వాత ఒకటి తొక్కింది.

"మగ్గమేగా ఇది!"

"ఏది?"

"ఒక చెక్క తొక్కితే ఒక దారం విడిచి ఒక దారం లేచిద్ది. రెండో చెక్క తొక్కితే మిగతావి లేస్తయ్యి. అన్నం తినొచ్చి కూర్చున్నప్పుడు ఏ కాలు ముందో మర్చిపోయి తొక్కామనుకో, గుడ్డలో అడ్డంగా దొడ్డు గీత పడిద్ది. మాయమ్మ చేత్తో తడిమి కనిపెట్టి తిట్టేది. అన్నా, నీ మిషనుకి ఏ కాలు ముందో చెప్పావా?"

నాగూర్ కంప్యూటరు వైపు తిరిగాడు. అక్కడ ఒక ప్రశ్న ఉందట. ఏ సగం ముందు, పై గీతలవా, కింది గీతలవా అని. తన కొత్త కెమెరాకు కింది సగం ముందు రావాలి. కాబట్టి మూడేళ్ల కిందట ఒకసారి అలా పెట్టి వదిలేశాడు. పాత వీసీఆర్ నుంచి వచ్చేదానికి పై సగం ముందు. అంతే తేడా. పెళ్లి క్యాసెట్లలో అందరూ పీటల మీద కూర్చునే ఉంటారు కాబట్టి ఎవరూ గుర్తుపట్టలేదు.

మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, డీవీడీ అట్ట వెనక రెండు వరసలు రాశారు. పై వరసలో 1 2 3 4 5 6. కింది వరసలో 2 1 4 3 6 5.

"రెండో సగం ముందు వచ్చి, మొదటి సగం తర్వాత వస్తే ఇలా అవుతుంది. ఒకడుగు వెనక్కి, మూడడుగులు ముందుకి. మళ్లీ ఒకడుగు వెనక్కి. నిలబడ్డవాడికి ఏ అడుగు ముందైనా ఒకటే. కాబట్టి ఉపన్యాసాలు బాగున్నాయి."

ఆయన గొంతులో పాత క్లాసురూము పలికింది. రోజారాణి చెయ్యెత్తింది. "అర్థమైంది సార్!" అందరూ పడీ పడీ నవ్వారు.

"మళ్లీ తిప్పాలా దీన్ని?" అని మాస్టారు నా వైపు చూసి అడిగారు.

"అక్కర్లా మాస్టారూ. ఎక్కింది ఎక్కినట్టే కంప్యూటర్లో ఉంది. ఆ ఒక్క జవాబు మార్చి మళ్లీ డీవీడీ చేస్తే చాలు. పదకొండు మార్కులోణ్ని, ముందే చూసుకోవాల్సింది."

నన్ను అట్టపెట్టెలో పెట్టి పక్కనుంచాడు. నా పూత నాకు మిగిలింది.

మర్నాడు పది గంటలకు కొత్త డీవీడీ పెట్టారు. ఈసారి ఉపన్యాసాలు దాటించేశారు. కోలాటం మొదలైంది. పిల్లలు నీళ్లలో చేపల్లా తిరిగారు. ఆ తిరగడం చూసి నాకు పదహారేళ్ల కిందటి ఆ ఉదయం మళ్లీ వచ్చినట్టయింది. తాళ్లు మార్చుకునే చోటు వచ్చింది. నాగలీల రిమోట్ లాక్కుని ఆపింది. డీవీడీ కదా, ఎంతసేపైనా ఆపుకోవచ్చు. ఒక్కొక్క బొమ్మే ముందుకు జరిపింది. బయటి చెయ్యి కదిలింది. తర్వాత లోపలి చెయ్యి.

రోజారాణి లేచి నిలబడింది. నడుం మీద చేతులు పెట్టుకుని నాగలీలను చూసింది.

"సరేలేవే," అంది నాగలీల. "మిషను తప్పు కనిపెట్టింది నేనా కాదా?"

"మిషనుది కనిపెట్టావు. నీది నువ్వు కనిపెట్టలా."

"మాస్టారూ, దీన్ని బెంచీ ఎక్కించండి."

కానీ మాస్టారు వినడం లేదు. తెర మీద కోలాటం చివరికి వచ్చింది. ఎడమ పక్క నుంచి హైమావతి టీచరు నడిచి వస్తున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కుడి చేతిలో తాళాలు. ఎడమ చేత్తో కొంగు సర్దుకుంటూ, కొంచెం తొందరగా, తొందర కనబడకుండా. ఏడాదిగా మాస్టారు ఆవిడను నిలబెట్టి చూశారు. ఆవిడ నడక ఎలా ఉండేదో ఆ రోజు చూశారు. నాగలీల రిమోట్ ఆయన చేతికి అందించబోయింది. ఆయన వద్దని తల ఊపారు.

"ఆపొద్దమ్మా. నడవనీ."

నాలుగో అడుగు తర్వాత బొమ్మ చిన్నగా ఎగిరింది. మరుక్షణం ముడి విడిపోయి ఉంది. పిల్లలు నవ్వుతున్నారు. టీచరు లేరు.

"ఇదేంది? చివరి ముడి ఎట్టా విప్పిందో రాలేదే?" అంది రోజారాణి.

దుకాణంలో అందరూ నాగూర్ వైపు చూశారు. మాస్టారు స్టూలు మీంచి లేచారు.

"అక్కడ ఒక జానెడు నేను కోసి పారేశాను. నలిగింది. నేను ఆవిణ్నే చూసేవాణ్ని, ఆవిడ చెయ్యి ఏం చూపిస్తోందో ఎప్పుడూ చూడలేదు. మీరు వచ్చిన రోజే చెప్పవలసింది."

నాగలీల ముక్కు తుడుచుకుని, "పోనీలెండి మాస్టారూ," అంది. "ఏడు ముళ్లకి దారి దొరికింది. ఎనిమిదోది ఆడికి పోయినప్పుడు చూసుకుందాం."

పద్నాలుగు రోజులు మగ్గాల పాకలో అల్లారు, విప్పారు. పాటకు వేరే మనుషులను పెట్టుకోలేదు. డీవీడీలోంచి టీచరు గొంతే పెద్ద స్పీకర్లో పెట్టుకున్నారు. జానెడు పోయిన చోట పాట కూడా అర చరణం ఎగిరిపోతుంది. అక్కడ ఎనిమిదిమందీ ఒకేసారి అడుగు కలిపేయడం నేర్చుకున్నారు. ఎనిమిదో ముడికి మాత్రం రోజుకొకరు ఒక ఉపాయం చెప్పేవారు, రోజూ అది ఇంకా బిగుసుకునేది.

స్వర్ణోత్సవం రోజు మాస్టారు నన్ను చేతిసంచిలో పెట్టుకుని తెచ్చి, మొదటి వరసలో కూర్చుని ఒళ్లో పెట్టుకున్నారు. హెడ్మాస్టరు మారాడు, ఉపన్యాసం నిడివి మారలేదు. తర్వాత ఎనిమిదిమంది ఆడవాళ్లు ఒకే రంగు నేత చీరల్లో వచ్చారు. స్పీకర్లోంచి హైమావతి టీచరు గొంతు వినగానే వెనక వరసల్లోని పాత విద్యార్థులు లేచి నిలబడ్డారు. నాగూర్ బాషా బల్ల ఎక్కి, ఎవరూ చెప్పకుండానే కెమెరా కాళ్ల మీదా చేతుల మీదా ఉంచాడు.

జడ అంచులా చదునుగా దిగింది. విప్పడం మొదలైంది. ఒక ముడి, రెండు, మూడు. బయటి చెయ్యి ముందు, లోపలి చెయ్యి తర్వాత. ఏడో ముడి విడిపోయాక పాట అర చరణం ఎగిరింది, వీళ్లూ ఎగిరారు, ఒక్క అడుగు తప్పలేదు. ఎనిమిదో ముడి దగ్గర రోజారాణి చెయ్యెత్తింది. నాగలీలా చెయ్యెత్తింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. తర్వాత ఎనిమిదిమందీ ఆ ముడిని అలాగే వదిలేసి, తాళ్లు చాచి పట్టుకుని, గొడుగులా విప్పి నిలబడ్డారు. స్పీకర్లో పదహారేళ్ల కిందటి పిల్లలు నవ్వుతున్నారు. చప్పట్లు ఆగలేదు.

కిందికి దిగి వచ్చి, ఆయాసపడుతూ నాగలీల అడిగింది. "మార్కులెన్ని మాస్టారూ?"

మాస్టారు ఆలోచించారు. ఆయన మార్కుల విషయంలో ఎప్పుడూ మొహమాటపడలేదు.

"తొంభై నాలుగు. పోయిన ఆరూ మీవి కావమ్మా, నావి."

"అట్టయితే మాకు నూటికి నూరే," అంది రోజారాణి. ఆయన కాదనలేదు.

నేనిప్పుడు మాస్టారి అలమరాలో, టీచరు వాడిన చాక్‌పీసు డబ్బా పక్కన ఉన్నాను. నన్ను తిప్పే వీసీఆర్ ఈ ఇంట్లో ఇక లేదు. ఉన్నా, తిప్పించుకునే శక్తి నా ఒంట్లో లేదు. ఆదివారం కుక్కరు పెట్టాక మాస్టారు డీవీడీ వేస్తారు. ఆపరు. ఆవిడ నాలుగడుగులు నడిచి వస్తారు, పిల్లలు నవ్వుతారు, కుక్కరు మూడో కూత కూస్తుంది, ఆయన లేచి వెళ్తారు. పప్పు ఈ మధ్య మాడలేదు.

తాళ్లు ఆ ఎనిమిదో ముడితో బడి స్టేజీ కొక్కేనికి అలాగే ఉన్నాయట. అటెండరు నిచ్చెన వేసి తీయబోతే నాగలీల వద్దందట. నెలకొకసారి ఎనిమిదిమందీ వెళ్లి దాని కింద నిలబడి, తలలెత్తి చూసి, పోట్లాడుకుని వస్తున్నారు.

పై ముడి ఇంకా విప్పలేదు.